ఒక్క రాత్రి మకాం

మా నాన్నగారు నెలకు పదిహేను రోజులు క్యాంపులో ఉండేవారు. కాలవల శాఖలో ఓవర్సీరు ఉద్యోగం. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి "నాన్నగారున్నారా అబ్బాయ్?" అనడిగితే, "లేరండీ, క్యాంపుకెళ్ళారు" అని చెప్పేవాణ్ణి. పలకా బలపం పట్టకముందే నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు ముక్క అదే. క్యాంపంటే ఒక ఊరని చాలాకాలం నమ్మాను. ఆ ఊరంటే నాన్నగారికి మా ఊరికంటే ఎక్కువ ఇష్టమేమోనని లోలోపల కాస్త కుళ్ళుకున్నాను కూడా.

అంచేత, కొన్నేళ్ళ క్రితం అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, ఓ శుక్రవారం సాయంత్రం మా అల్లుడు వచ్చి "మావయ్యగారూ, రేపు అందరం క్యాంపింగుకి వెళదామండీ" అంటే నాకేమీ బోధపడలేదు.

"ఆఫీసు పనా బాబూ?" అన్నాను.

మా మనవడు పడీ పడీ నవ్వాడు. "పని కాదు తాతయ్యా, టెంటులో పడుకోడం!"

"ఇంత ఇల్లు పెట్టుకుని టెంటులో పడుకోడమేం ఖర్మరా?" అంది మా ఆవిడ. అన్నదేగాని, తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపింది. ఆవకాయ జాడీ కారెక్కించింది. మా ఆవిడ అభ్యంతరాలన్నీ అలాగే ఉంటాయి లెండి.

అయోవా ప్రెయిరీ దేశం. ప్రెయిరీ అంటే గడ్డినేల. వెనకటికి మనిషి లోతు గడ్డి మైళ్ళకొద్దీ సముద్రంలా ఊగుతుండేదట. ఆ గడ్డి వేళ్ళు కుళ్ళి కుళ్ళి నేల నల్లగా, వెన్నలా తయారయింది. నాగళ్ళు దిగాయి. ఇంకేముంది, ఇప్పుడు ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చిక్కుడు. పాత గడ్డి వెయ్యింట ఒక వంతు కూడా మిగల్లేదు. దివిసీమలో గట్టు మీద నిలబడి చూస్తే వరి వెళ్ళి ఆకాశానికెలా అంటుకుంటుందో, అక్కడ మొక్కజొన్న అలా అంటుకుంటుంది. బెజవాడ కొండలు దాటి కృష్ణ గట్టు పట్టుకుని దిగువకు నడిచినవాడికి సముద్రం దాకా గుట్టన్నది తగలదు కదా, అదే లెక్క. పరాయిదేశంలో ఉన్నానన్న బెంగ నాకు ఆ చదును చూశాకే కాస్త తగ్గింది.

మేం వెళ్ళిన పార్కు పెద్ద పేరున్నదేం కాదు. పేరు చెప్పినా అక్కడివాళ్ళకే తెలియదు. చిన్న వాగుకి అడ్డకట్ట వేసి చేసిన చెరువు. దాని గట్టున పాతిక చెట్లు. వాటినించి దూదిపింజలు రాలుతున్నాయి, మన బూరుగుచెట్ల నించి రాలినట్టే. చేతిపంపు ఒకటి, బల్లలు నాలుగైదు, నిప్పు చేసుకోడానికి నేలలో పాతిన ఇనప చట్రాలు. అంతే! కాపలావాడు లేడు. గేటు లేదు. దారి పక్కన ఒక ఇనప గొట్టం పాతి ఉంది, దానికి చిన్న సందు. పక్కనే పెట్టెలో కవర్లు. ఎన్ని రాత్రులుంటామో కవరు మీద రాసి, డబ్బు అందులో పెట్టి, సందులోంచి జారవిడవాలి. చీటీ చించి మన గుడారం దగ్గర తగిలించుకోవాలి. ఆ గొట్టానికి 'ఇనప రేంజరు' అని ముద్దుపేరట.

"ఎవరూ చూడరు కదా, వెయ్యకపోతే?" అన్నాను, మన బుద్ధి ఎక్కడికి పోతుంది!

"ఎందుకు వెయ్యమండీ?" అన్నాడు మా అల్లుడు.

మా ఆవిడ మాత్రం ఏమీ అడగలేదు. తన సంచీలోంచి రెండు డాలర్లు తీసి, కళ్ళకద్దుకుని ఆ సందులో వేసి, చెంపలు వేసుకుంది. "హుండీ ఎక్కడున్నా హుండీయే" అంది.

ఆ రాత్రి మిణుగురులు చెట్ల కింద కూటాలు తీరాయి. దోమలు మనవే అనిపించేటంత చనువుగా వచ్చాయి. మనవడు నా పక్కన ముడుచుకుని నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. ఆ ఇనప గొట్టమే కళ్ళముందు మెదులుతోంది. ఊరుకాని ఊళ్ళో ఒక రాత్రి ఆగినవాడి నీడకీ, నీళ్ళకీ, నిప్పుకీ ఎవరు డబ్బిచ్చుకోవాలి? వీళ్ళు 'ఆగినవాడే' అని తేల్చేశారు. మరి మన కృష్ణా డెల్టాలో? అక్కడ కూడా వందల ఏళ్ళుగా జనం ఆగుతూనే ఉన్నారు గదా, ఆ లెక్క ఎవరు కట్టారు?

*

ముందు మాటల సంగతి చూడండి. ఒక రాత్రి ఆగడానికి మనకెన్ని మాటలున్నాయో! విడిది మన ఇంటి మాట. పెళ్ళివారి పుణ్యమా అని ఇంకా బతికుంది. మజిలీ అరబ్బీ 'మంజిల్' నించి వచ్చింది. మకాం కూడా అటునించి దిగిందే. డేరా హిందుస్తానీ సరుకు. క్యాంపు ఇంగ్లీషువాడిది. ఈ దేశాన్ని ఎవరెవరు ఏలారో చెప్పడానికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు, ఈ నాలుగు మాటలు చాలు. వచ్చిన ప్రతివాడూ ఒక రాత్రి ఆగాడు, పోతూ పోతూ ఒక మాట వదిలిపెట్టి పోయాడు.

కొందరు మాటే కాదు, అంతకంటే పెద్దవి వదిలారు.

శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి వెళుతూ బెజవాడలో కొన్నాళ్ళు దండు దించాడు. పదహారో శతాబ్దం రెండో దశకం నాటి మాట. అక్కడినించి కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళానికి వెళ్ళాడు. ఉత్తరాదిన ఉన్న జిల్లా శ్రీకాకుళం కాదు సుమండీ, మన ఘంటసాల దగ్గర పల్లెటూరు. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. ఏకాదశి ఉపవాసం ఉండి, ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. నాలుగో జామున స్వామి కలలోకి వచ్చి, తెలుగులో కావ్యం రాయమన్నాడట. అదే ఆముక్తమాల్యద. ఈ సంగతి ఆ కావ్యం అవతారికలో రాయలే చెప్పుకున్నాడు. హంపీలో అంతటి అంతఃపురం ఉండగా, స్వామి అక్కడికి రాలేదు చూశారా! ప్రయాణంలో, పరాయిచోట, చిన్న ఊళ్ళో పడుకున్నప్పుడే వచ్చాడు. కొత్తచోట పడుకుంటే కలలొస్తాయని మా బామ్మ అనేది. మరీ ఇంత పెద్ద కలలొస్తాయని ఆవిడకీ తెలిసి ఉండదు.

అక్కడికి ఎంతో దూరం లేదు కూచిపూడి. గోలకొండ చివరి నవాబు అబుల్ హసన్ తానీషా 1672 నించి 1687 దాకా ఏలాడు. బందరు వైపు వెళుతూ ఒక రాత్రి కూచిపూడిలో మకాం చేశాడనీ, ఆ ఊరి బ్రాహ్మణుల ఆట చూసి మెచ్చి, ఆ ఊరిని వాళ్ళకే అగ్రహారంగా ఇచ్చేశాడనీ చెప్పుకుంటారు. ఆటే వృత్తి అయిన కుటుంబాలకు కాలు నిలిపే నేల దొరికింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడెక్కడో ఆడపిల్లలు పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం ఆడుతున్నారంటే, ఆ ఒక్క రాత్రి మకాం కూడా దానికొక కారణమే.

ఇద్దరు ఏలికలు, రెండు రాత్రులు. ఒకరు కావ్యం ఇచ్చారు, ఒకరు ఊరు ఇచ్చారు. బస అద్దె ఇంతకంటే ఘనంగా చెల్లించినవాళ్ళు మరొకరు కనబడరు.

కాని పాఠకులు తొందరపడి చప్పట్లు కొట్టవద్దు. రాజు ఒక్కడే వస్తాడా? వెనకాల ఏనుగులు, గుర్రాలు, ఎడ్లు, వేలమంది జనం. వాటికి గడ్డి ఎక్కడిది? పొయ్యిలోకి కట్టెలు ఎవరివి? చెరువులో నీళ్ళు ఎవరివి? ఆ లెక్క ఏ అవతారికలోనూ ఉండదు. రాజుగారు దిగిన రాత్రి సంబరం, మర్నాడు ఊడ్చుకోవడం మాత్రం ఊరివాళ్ళ వంతు. రాజులు ఇచ్చారు నిజమే. అంతకుముందు పల్లె ఇచ్చింది.

*

దండులేని మామూలు మనిషి సంగతేమిటి?

బందరు రేవు జోరుగా నడిచిన రోజుల్లో గోలకొండకు పోయే సరుకుకి బెజవాడ ఒక మజిలీ. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో బందరు నించి గండికోటకు పోతూ ఈ బెజవాడ మీదుగానే వెళ్ళాడు. వర్తకులు ఎక్కడ ఆగినా రొక్కం ఇచ్చి కొనుక్కునేవాళ్ళు, వాళ్ళ గొడవ మనకొద్దు.

కాశీకి పోయే గృహస్థుణ్ణి చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటవాళ్ళు, అంతా కలిసి ఒక కదిలే ఊరు! ఆయన రోజూ రాసిపెట్టిన సంగతులు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. మన బెజవాడ వకీలు దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దాన్ని మళ్ళీ వేయించారు. ఆ పుస్తకం తిరగేస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఏ మజిలీ చేరినా ఆయన చూసేవి దాదాపు ఒక్కటే: దిగడానికి చోటుందా, నీళ్ళు మంచివా, అంగళ్ళున్నాయా, చెట్టునీడ ఉందా? మా అల్లుడు పార్కు చేరగానే కారు దిగి చూసినవి కూడా సరిగ్గా ఇవే. మధ్యలో రెండు శతాబ్దాలు దొర్లాయిగాని, రాత్రికి ఆగబోయే మనిషి అవసరాల జాబితాలో ఒక్కటీ మారలేదు.

ఆ జాబితాలోవి అమర్చి పెట్టడం మనవాళ్ళు పుణ్యం ఖాతాలో రాసుకున్నారు. బాటపక్క మామిడితోపు, చింతతోపు వేయించడం, నూతులు తవ్వించడం, ఎండాకాలం చలివేంద్రం పెట్టడం, సత్రం కట్టించడం. సత్రం గోడలో రాయి మీద దాత పేరుంటుంది. లోపల గోడ మీద 'మూడు రోజులకు మించి ఉండరాదు' అని ఉంటుంది. చుట్టం మూడోనాటికి చేదు అంటారు గదా, దాతలకి లోకజ్ఞానం బాగా ఉండేది. ఇక్కడ బస అద్దె దాత కట్టాడు, అతనికి స్వర్గంలో జమ. కాని దాత పోయాక, ఆయన మనవలకు స్వర్గం మీద కంటే స్థలం మీద మక్కువ పెరిగిన చోట సత్రానికి తాళం పడేది. ఇంకో చిక్కు కూడా ఉంది. అన్ని సత్రాలూ అందరివీ కావు. కులం అడిగి గుమ్మం తెరిచిన రోజులవి. గుమ్మం తెరవనివాడికి చెట్టే సత్రం. అంచేత తోపు విలువ తెలియాలంటే సత్రంలో పడుకున్నవాణ్ణి కాదు, బయట పడుకున్నవాణ్ణి అడగాలి.

కంపెనీవాడు వచ్చాక తోపుల్లో కొత్త చుట్టం దిగాడు. జమాబందీ అంటే ఆ ఏటి శిస్తు లెక్కలు తేల్చడం. దానికి దొరగారు ఊరూరా తిరుగుతారు. ఊరిబయట మామిడితోపులో తెల్ల డేరాలు లేచేవి. మునసబుకీ కరణానికీ ముచ్చెమటలు. పాలు, పెరుగు, కోళ్ళు, కట్టెలు, గుర్రానికి గడ్డి, అన్నీ తోపులోకి నడవాల్సిందే. సర్కారు ఇచ్చే పైకం ఎక్కడో మధ్యలో ఆగిపోయేది. మోసేది వెట్టివాడు, పోసేది గొల్లవాడు. 'సప్లయిలు' అనే ఇంగ్లీషు మాట విని పల్లె గుండె జల్లుమనేదంటే అదే కారణం. మళ్ళీ పాత కథే: ఆగినవాడు ఒకడు, ఇచ్చుకునేవాడు మరొకడు.

*

డెల్టాకు కాలవలు వచ్చాక మకాముల పటమే మారిపోయింది.

బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలుపెట్టి 1855లో ముగించారు. ఆలోచన కాటన్ దొరది, కట్టించింది ఛార్లెస్ ఆర్ అనే ఇంజనీరు. దాదాపు వందేళ్ళు నిలబడి 1952లో అది తెగింది. దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలవలు పొలానికి నీళ్ళు తెచ్చాయని అందరికీ తెలుసు. అవి రోడ్లు కూడా అని ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. ఏలూరు కాలవ గోదావరి కాలవలతో కలుస్తుంది. కృష్ణ అవతల సీతానగరం దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో పడుతుంది. అంటే కాకినాడలో పడవెక్కినవాడు సముద్రం మొహం చూడకుండా మద్రాసులో దిగవచ్చు. దిగడానికి ఎన్నాళ్ళు పడుతుందని మాత్రం అడగకూడదు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజానికి వేసుకుని లాగుతారు. నడిచే మనిషికీ పడవకీ పందెం పెడితే మనిషే గెలుస్తాడు.

అలాంటి ప్రయాణానికి మజిలీలు లాకులు. లాకు దగ్గర కాలవ ఒక మెట్టు దిగుతుంది. పడవ మెట్లు దిగలేదు గదా! అంచేత రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి కట్టారు. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తూములు వదులుతారు. నీళ్ళు మెల్లిగా దిగుతాయి, వాటితోపాటే పడవా దిగుతుంది. రెండువైపులా మట్టం కలిశాక ముందు తలుపులు తెరుస్తారు. ఇదంతా అయ్యేలోపు పడవవాడు చుట్ట కాల్చుకోవచ్చు, ఊరి సంగతులు చెప్పుకోవచ్చు. లాకు పక్కనే లస్కరు ఇల్లు, కొన్నిచోట్ల అధికారులకు బంగళా, చుట్టూ చెట్లు. చిన్న ఊరి పార్కంటే మనకి అదే.

1958 దసరా సెలవుల్లో నాన్నగారు నన్ను మొదటిసారి క్యాంపుకి తీసుకెళ్ళారు. నాకప్పుడు పదేళ్ళు. ఎన్నాళ్ళుగానో కుళ్ళుకుంటున్న ఊరు కళ్ళారా చూడబోతున్నానని ముందురాత్రి నిద్రపోలేదు. తీరా వెళితే ఊరే లేదు. పెంకుటి బంగళా, మామిడిచెట్లు, నిండుగా పారే కాలవ. చీకటి పడేసరికి ఎగువన పడవలు నాలుగు వచ్చి ఆగాయి. ఆ లాకు తెల్లవారేదాకా తీయరు. పడవవాళ్ళు గట్టు మీద పొయ్యిలు పెట్టారు. మన డెల్టాలో రాయి దొరకదు గదా, మట్టి తప్ప ఏముంది? నేలలో చిన్న గాడి తవ్వి దాని మీద కుండ పెట్టేవారు. గాడిపొయ్యి అంటే అదే. ఆ మంటల వెలుగు కాలవలో పడి వణుకుతుంటే, నేను బంగళా వరండాలో పడుకోనని పేచీ పెట్టి, చెట్టు కింద నులకమంచం వేయించుకున్నాను. ఎవరో సరంగు తత్వం పాడాడు. లస్కరు భార్య ముంతతో పాలు తెచ్చింది.

నాన్నగారు పోయాక, పెట్టె సర్దుతుంటే ఆయన చిన్న లెక్కల పుస్తకం దొరికింది. క్యాంపు ఖర్చులు. ఆ రాత్రి పేజీ కూడా ఉంది. 'లస్కరు ఇంటి పాలు 12 నయాపైసలు, ఇచ్చేశాను. కట్టెలు 20 నయాపైసలు, ఇచ్చేశాను. కంట్రాక్టరు పంపిన అరటిగెల, వెనక్కి పంపాను. లస్కరు భార్య సొరకాయ, వద్దంటే చిన్నబుచ్చుకుంది. పిల్లకి పలక కొనిచ్చాను.' పుస్తకం నిండా అంతే. ప్రతి పద్దు చివరా 'ఇచ్చేశాను'. ఆ రోజుల్లో ఓవర్సీరు పాలకి డబ్బివ్వడం వింత. తోటివాళ్ళు నవ్వేవారని అమ్మ చెప్పేది. నాన్నగారికి ఏ దాతృత్వమూ లేదు, ఉండేంత జీతమూ లేదు. ఆగినవాడే ఇచ్చుకోవాలని మాత్రం ఆయనకెవరో చెప్పారు. లేకపోతే ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

*

డబ్బివ్వని, డబ్బడగని మకాములు కూడా మనకుండేవి. మాఘ పౌర్ణమికి హంసలదీవి సంగమ స్నానానికి గూడుబండ్లు కట్టుకుని జనం పోయేవారు. బండిలోనే బియ్యం, పప్పు, వంటచెరకు, ఎడ్లకు వరిగడ్డి. దారిలో ఏ తోపులోనో బండి విప్పి, కాడి దించి, బండి కింద చాప పరిస్తే ఇల్లు తయారు. ఎవరి వంట వాళ్ళది, ఉప్పు చాలకపోతే పక్కబండిది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలూ ఇంతే, ఎవరి వాటా వాళ్ళే తెచ్చుకునేవారు. పోయేటప్పుడు పొయ్యి బూడిద మీద నీళ్ళు చల్లి, విస్తళ్ళు ఏరి గోతిలో వేసి పోవాలని ఎవరూ బోర్డు పెట్టలేదు. తోపు రేపు ఇంకొకడికి కావాలని అందరికీ తెలుసు.

ఇష్టపడి పోయే మకాం వేరు, తప్పనిసరై పోయే మకాం వేరు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమని ముంచేసినప్పుడు, కట్టుబట్టలతో మిగిలినవాళ్ళకు మెరక మీద నిలువనీడ కావలసివచ్చింది. తుఫాను షెల్టర్లు ఆ తరవాతే లేచాయి. మొన్న 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజి మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. ఇటు బుడమేరు పొంగి బెజవాడలో పేటలకు పేటలు మునిగాయి. జనం మేడల మీదా, మెరక రోడ్ల మీదా రాత్రులు గడిపారు. తోపు, గట్టు, చావిడి, సత్రం, ఇవన్నీ బాటసారికోసం అనుకుంటాం. ఆ రాత్రి ఊరే బాటసారి అయింది. ఎవరికి ఎప్పుడు ఒక్క రాత్రి మకాం కావలసివస్తుందో పంచాంగంలో రాసి ఉండదు.

అవన్నీ ఏమైపోయాయంటారా? రైళ్ళు, బస్సులు, లారీలు వచ్చి పడవలు ఆగాయి. పడవలాగాక లాకులు మూగపోయాయి. రాత్రి ఆగే అవసరం తగ్గింది గనక, ఆగే చోటు ఎవరికీ గుర్తులేదు. సర్కారు లెక్కల్లో 'తోపు పోరంబోకు' అని ఒక మాటుంటుంది. అంటే ఊరందరిదీ అని. మనవాళ్ళు దానికి ఎవరిదీ కాదని అర్థం చెప్పుకున్నారు. ఎవరిదీ కాని నేల ఎంతకాలం ఖాళీగా ఉంటుంది? పుష్కరాలకు మటుకు మహాసంబరంగా ఏర్పాట్లు జరుగుతాయి. 2016లో పుష్కరనగర్లు వెలిశాయి, 2028లో మళ్ళీ వెలుస్తాయి. పన్నెండేళ్ళకు పన్నెండు రోజులు! మిగతా రోజుల్లో కృష్ణ ఒడ్డున రాత్రి గడపాలంటే లాడ్జి గది తీసుకుని కిటికీలోంచి చూడాలి, కిటికీ అటువైపుంటే.

అమెరికావాడు మనకంటే ధర్మాత్ముడని నేననను. ఆ గడ్డినేల అంతకుముందు ఎవరిదో, వాళ్ళేమయ్యారో అది వేరే కథ, చాలా చెడ్డ కథ. కాని మిగిలిన నాలుగు చెట్లూ పోకుండా వాళ్ళొక ఏర్పాటు చేసుకున్నారు. 1955లో అయోవాలో ఒక చట్టం వచ్చింది. ఏ కౌంటీ ప్రజలైనా ఓట్లు వేసుకుని, జీతం లేకుండా పనిచేసే అయిదుగురు పెద్దలతో ఒక బోర్డు పెట్టుకోవచ్చు. ఆ చుట్టుపక్కల చెట్టూ చెరువూ చూసే బాధ్యత ఆ బోర్డుది. ఇప్పుడు తొంభైతొమ్మిది కౌంటీల్లోనూ ఇలాంటి బోర్డులున్నాయి. కెనడాలో సస్కాచెవాన్ అనే మరో గడ్డినేల రాష్ట్రం కూడా 1960 నించి ఇదే దారి పట్టి, ఊళ్ళవాళ్ళ చేతనే చిన్న చిన్న పార్కులు పెట్టించింది. రాజు దయా కాదు, దాత పుణ్యమూ కాదు. అయిదుగురు పెద్దలు, ఒక చట్టం, ఒక ఇనప గొట్టం. ఊరందరిదీ అన్న మాటకి వాళ్ళు చెప్పుకున్న అర్థం అది.

*

ఆమధ్య సెలవులకి మనవడు వచ్చాడు. వచ్చిన మూడోరోజే అడిగాడు: "తాతయ్యా, ఇక్కడ టెంటు ఎక్కడ వేసుకోవచ్చు?"

నాకు జవాబు దొరకలేదు. చివరికి, పద చూపిస్తానని మా నాన్నగారి లాకుకి తీసుకెళ్ళాను. బంగళా కప్పు కూలిపోయింది. మామిడితోపు ఉన్నచోట ప్రహరీగోడ లేచింది. ఎవరిదని అడగలేదు, చెప్పేవాడూ లేడు. కాలవ మాత్రం నిండుగా పారుతోంది. గట్టు మీద ఒకే ఒక్క వేపచెట్టు మిగిలింది. దాని మొదట్లో పసుపు పూసిన రాయి, రాయి ముందు తాళం వేసిన చిన్న రేకు హుండీ. ఆ రాయే లేకపోతే చెట్టు కూడా ఈపాటికి పొయ్యిలోకి పోయి ఉండేది.

సాయంత్రం దాకా ఆ నీడన కూచున్నాం. గాడిపొయ్యి ఎలా తవ్వుతారో, పడవ మెట్టు ఎలా దిగుతుందో పుల్లతో నేల మీద గీసి చూపించాను. వాడికి రాత్రి అక్కడే పడుకోవాలని ఉంది. మా ఆవిడ ఫోను చేసి నాలుగు చీవాట్లు పెడితే లేచాం. లేచి నాలుగడుగులు వేశాక వెనక్కి పరిగెత్తాడు. జేబులోంచి పది రూపాయల నోటు తీసి, మడిచి, హుండీలో వేశాడు.

"దేవుడికా?" అన్నాను.

"కాదు తాతయ్యా, నీడకి."

ఇంటికొచ్చి నాన్నగారి పుస్తకం తీశాను. చివరి పేజీల్లో ఖాళీ ఉంది. తేదీ వేసి, కింద రాశాను: 'వేపచెట్టు నీడ, పది రూపాయలు, ఇచ్చేశాం.'